సగం ధరకే వచ్చిన పరుపు

ఆ ఆదివారం పొద్దున బస్సు డ్రైవరు పెట్టుకున్న పని ఒక్కటే, పరుపు కొనడం. వారం తిరక్కుండా డిపోలో వైద్య పరీక్ష. పట్టేసిన నడుం వంగకపోతే స్టీరింగు లాగేసుకుని గ్యారేజీలో కూర్చోబెడతారు. స్టీరింగు పట్టుకోని రోజున ఆ మహానుభావుడికి అన్నం కూడా సయించదు.

"పరుపెందుకురా? నాలుగు రోజులు నేల మీద పడుకో, అదే దారికొస్తుంది," అంది నాయనమ్మ.

"నువ్వూరుకో నాయనమ్మా!" అని భార్యను వెంటబెట్టుకెళ్లి, ఒంటి ఆకారాన్ని గుర్తుపెట్టుకుంటుందన్న పరుపు సగం ధరకే తెచ్చాడు. సగమెందుకని అడగాల్సింది. బేరం కుదిరిన సంబరంలో అడగలేదు.

మర్నాడు డ్యూటీ దిగి వచ్చేసరికి పరుపు మధ్యలో మనిషంత గుంట. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది.

"పగలంతా బాగానే పడుకున్నట్టున్నావే!" అన్నాడు భార్యతో.

"నేనా? ఆ గదిలోకి తొంగి కూడా చూడలేదు. మీ కండక్టరేమో! తాళం చెవి ఊరందరికీ ఇస్తారుగా."

డ్రైవరు కండక్టరుకు ఫోన్ చేసి దులిపేశాడు. కండక్టరుకు ఒళ్లు మండి డిపో అంతా చాటాడు. సాయంత్రానికల్లా కబురొచ్చింది, నడుంతోపాటు బుర్ర కూడా పరీక్షిస్తారట.

తల పట్టుకుని గదిలోకి వెళ్లాడు. భార్యాభర్తలు చూస్తుండగానే ఆ గుంట మెల్లగా పక్కకి ఒత్తిగిల్లింది.

వెంటనే షాపుకి ఫోన్ చేశాడు. "ఈ పరుపు ఇదివరకెవరైనా వాడారా?"

సేల్స్‌మన్ నీళ్లు నమిలాడు. "ఓ పెద్దాయన వాడారండీ. తిరిగిచ్చేశారు."

"నచ్చలేదా?"

"ఆయనకి ప్రాణమండీ. తిరిగిచ్చింది వాళ్లబ్బాయి."

ఆ రోజు నుంచి మొగుడూ పెళ్లాం హాల్లో నేల మీదే పడుకున్నారు. గది తలుపు మూసే ఉంది. లోపల అప్పుడప్పుడూ ఎవరో హాయిగా నిట్టూర్చేవారు.

పరీక్ష రోజున డ్రైవరు వంగి కాలివేళ్లు ముట్టుకున్నాడు! తనే నమ్మలేకపోయాడు. "ఇంట్లో వింతలేమైనా కనిపిస్తున్నాయా?" అన్నాడు డాక్టరు.

"అబ్బే, ఏం లేవండీ!" అన్నాడు చెమట తుడుచుకుంటూ. స్టీరింగు దక్కింది.

ఎగిరి గంతేస్తూ ఇంటికొచ్చాడు. ముందా పరుపును బయట పారేద్దామని గది తలుపు తీశాడు. పరుపు మీద ఓ పక్కగా నాయనమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. రెండో పక్కన గుంట.

"నాయనమ్మా! లే! నీ పక్కన..."

"అరవకురా. ఇప్పుడే కునుకు పట్టింది."

"నీకా?"

"ఆయనకి. మంచి మనిషి. జరగమంటే జరుగుతాడు."

అంతలో సేల్స్‌మన్ ఫోన్. "పోనీ, ఆ పరుపు మార్చేయమంటారా సార్?"

డ్రైవరు తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశాడు.

"వద్దులెండి. ఇద్దరికీ సరిపోతోంది."