స్కెల్బీ శిలువకు తల దొరికిన రోజు

ఆ బుధవారం ఉదయం మ్యూరియల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికి నగరం నుంచి మ్యూజియం నిపుణురాలు డాక్టర్ థ్రెల్‌ఫాల్ వచ్చేలోగా, చర్చి ఉత్తరపు గోడ మీది చెమ్మ మరకకు బీరువా అడ్డం పెట్టాలి. అంతే.

స్కెల్బీ చర్చిలో ఆ గోడ పక్కనే పన్నెండు వందల ఏళ్ల నాటి రాతి శిలువ ఉంది. శిలువ అనడమే గానీ మిగిలింది మొండెమే. మనిషెత్తు స్తంభం, దాని నిండా మెలికలు తిరిగిన ద్రాక్షతీగలు, తీగల్లో పండ్లు పొడుచుకు తింటున్న పక్షులు. తల ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు. ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డ చేతినీ ఆ పక్షులకు ఆనించడం స్కెల్బీ వాళ్ల ఆనవాయితీ. చర్చి బాగోగులు చూసే మ్యూరియల్ అయితే, భర్త పోయిన ఈ ఆరేళ్లలో దాన్ని తాకకుండా ఒక్క రోజు కూడా మొదలుపెట్టలేదు. చెమ్మకు రాయి పాడైపోతుందనీ, మ్యూజియానికి తరలించాల్సి రావచ్చనీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఆమెకు తిండి సయించడం లేదు.

ఆ పాతకాలపు బీరువా ఆమె ఒక్కదాని వల్ల కదిలేది కాదు. మరిది ఆంబ్రోస్‌కు ఫోన్ చేసింది. ఆంబ్రోస్ గొర్రెల రైతు. అతనికి కుడి చెవి వినబడదు. ఫోన్ మాత్రం ఎప్పుడూ ఆ చెవికే పెట్టుకుంటాడు.

"ఆంబ్రోస్, చర్చిలో బీరువా జరపాలి. త్వరగా రా."

"శిలువా? ఎంత దూరం, వదినా?"

"మూడడుగులు చాలు. మూడో కంటికి తెలియకూడదు సుమా!"

"అర్థమైంది," అన్నాడు ఆంబ్రోస్ గొంతు తగ్గించి.

అతనికి అర్థమైనదేమిటంటే, వదిన శిలువను ఎక్కడో దాచేయబోతోందని. అరగంటలో ట్రాక్టరు, ట్రైలరు, రెండు మోకులు, రాయికి దెబ్బ తగలకుండా ఇంట్లో మంచం మీది పరుపు తీసుకుని చర్చి ముందు దిగాడు.

ఎదురుగా రొట్టెల కొట్టు డోర్కాస్ బయటికొచ్చింది. "ఏంటి ఆంబ్రోస్, చర్చిలో కాపురం పెడుతున్నావా?"

"శిలువను తీసుకెళ్తున్నా. ఎవరికీ చెప్పకు!"

"ఓరి ద్రోహీ! మ్యూజియం వాళ్లకు అమ్ముడుపోయావా?" అంటూ డోర్కాస్ చేతిలోని పొడుగు రొట్టెతో అతని వీపు మీద ఒక్కటి వేసి, గంట గోపురంలోకి పరుగెత్తి తాడు పట్టుకుని ఊగింది.

పది నిమిషాల్లో ఊరు ఊరంతా చర్చిలో ఉంది. కొందరికి ముఖాన గడ్డం గీసుకునే నురగ, కొందరి కాళ్లకు ఒకే చెప్పు.

"తలుపు మూసేయండి! బీరువా అడ్డం పెట్టండి! ఎవరొస్తారో చూద్దాం!" అని డోర్కాస్ కేక పెట్టింది. ముప్ఫైమంది బీరువా మీద పడ్డారు.

"తలుపుకి కాదు, గోడకి! గోడకి తొయ్యండి!" అని అరిచింది మ్యూరియల్.

ఇంత ఆవేశంలో ఉన్న జనానికి దిక్కు చూపిస్తే చాలు. మూడడుగులు జరగాల్సిన బీరువా ఎద్దులా దూసుకెళ్లి గోడను కుమ్మింది. ముందు సున్నం రాలింది. తర్వాత లోపలి రాళ్లు నాలుగు దబదబా కిందపడ్డాయి. దుమ్ములో అందరూ దగ్గుతుండగా తలుపు తెరుచుకుంది.

"కాస్త ముందే వచ్చాను. ఇక్కడ చెమ్మ ఎక్కువని విన్నాను," అంది డాక్టర్ థ్రెల్‌ఫాల్, గోడలోని కంతను చూస్తూ.

మ్యూరియల్ జుట్టు నిండా సున్నమే. ఇక అబద్ధమాడే ఓపిక లేకపోయింది. "మరక దాచేద్దామనుకున్నానమ్మా. ఇప్పుడు దాచడానికి గోడే లేకుండా పోయింది. తప్పంతా నాదే. కానీ శిలువను తీసుకెళ్లకండి."

డాక్టరు మోకాళ్ల మీద కూర్చుని, పడిన రాళ్లలో పెద్దదాన్ని ఆంబ్రోస్ చేత అతను తెచ్చిన పరుపు మీదికి తిప్పించింది. అడుగు వైపున శిలువ తాలూకు నాలుగు గుండ్రటి చేతులు, మధ్యలో ద్రాక్షగుత్తి, ఒక పక్షి సగం ఒళ్లు. మిగతా సగం స్తంభం పైఅంచున విరిగి ఆగిపోయిన పక్షి.

"పాత రాళ్లను కొత్త గోడలో కూరేసేవాళ్లు," అంది ఆమె. "ఇది దీని తలే!"

"అయితే రెండూ తీసుకెళ్తారా?" డోర్కాస్ రొట్టె మళ్లీ పైకి లేచింది.

"ఎలా తీసుకెళ్తానండీ? ఇంకెన్ని ముక్కలు ఈ గోడలో ఉన్నాయో! శిలువ ఇక్కడే ఉంటుంది. గోడ మేం బాగుచేయిస్తాం. తల మేమే నిలబెడతాం."

చర్చి కప్పు ఎగిరిపోయేలా జనం కేకలు వేశారు. డోర్కాస్ మిగిలిన సగం రొట్టె ఆంబ్రోస్ చేతిలో పెట్టి, వీపు నిమిరింది. మ్యూరియల్ ఒంగి పక్షి రెండో సగాన్ని మొదటిసారి తాకింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు.

వారం తిరక్కుండా బిషప్ కార్యాలయం నుంచి ఊరందరినీ అభినందిస్తూ ఉత్తరం వచ్చింది. ముందస్తు అనుమతి లేకుండా గోడ కూల్చినందుకు సంజాయిషీ అడిగే ఉత్తరం కూడా అదే కవరులో ఉంది.