మూత కోసం నాలుగు పేజీలు

ఏ ఊరైనా బాగుపడాలంటే ముందు అక్కడి జనానికి రాయడం రావాలని మున్సిపల్ ఆఫీసు వారు కనిపెట్టారండీ. (రోడ్లు, నీళ్ళు, దీపాలు ఆ తర్వాత వాటంతట అవే వస్తాయట.) జనం పంపే ఫిర్యాదులు మరీ చప్పగా ఉండి, చదివే అధికారులకి నిద్ర ముంచుకొస్తోందని ఫిర్యాదుల యాప్‌లో మార్కులు పెట్టారు. వందకి అరవై వస్తేనే ఉత్తరం మనిషి చదువుతాడు. రాకపోతే యాపే చదివి, యాపే బాధపడి, యాపే మూసేస్తుంది.

ఈ సంగతి తెలీక మన టైలరు మాస్టారు ఒక ఉత్తరం పంపేశాడు. ఆయన షాపు ముందున్న మ్యాన్‌హోల్ మూత ఎవడో ఎత్తుకుపోయాడు. ఇంట్లో చూస్తే అత్తగారికి కంటి ఆపరేషనయింది. ఒక కంటికి కట్టు, రెండోది మసక. ఆవిడ రోజూ పొద్దున్నే క్లినిక్‌కి వెళ్ళాలంటే ఆ గుంట పక్కనుంచే వెళ్ళాలి, వేరే దారి లేదు. మాస్టారు మిషను ముందున్న స్టూలు తెచ్చి గుంట మీద పెట్టి, దానికి ఎర్ర లైనింగు గుడ్డ కట్టి, అప్పుడు రాశాడు: "మా షాపు ముందు మ్యాన్‌హోల్‌కి మూత లేదు. ఎవరో ఒకరు పడతారు. దయచేసి మూత వెయ్యండి."

పదకొండు మార్కులొచ్చాయి. కింద కారణం కూడా ఇచ్చారు. "విషయం మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది. ఉత్కంఠ లేదు. పాఠకుణ్ణి లోపలికి లాగలేదు."

"లాగలేదా?" అంది భార్య, కాజాలు కుడుతూ. "ఆ పాఠకుణ్ణే వచ్చి ఆ స్టూలు తీసి నిలబడమనండి. అదే లాగుతుంది."

ఫెయిలైనవాళ్ళకి మూడు రోజుల రచనా శిక్షణ తప్పనిసరి. మాస్టారు కత్తెర పక్కన పెట్టి వెళ్ళాడు. తల్లిని చెయ్యి పట్టుకుని గుంట దాటించే డ్యూటీ భార్య మీద పడింది.

హాల్లో పద్దెనిమిది మంది ఉన్నారు. అందరూ ఏదో ఒకటి సూటిగా అడిగి దొరికిపోయినవాళ్ళే. పాఠం చెప్పేది ప్రభావాధికారి, అంటే ఉత్తరాల ప్రభావం కొలిచే ఆఫీసరు. ఆయన జేబులో నాలుగు పెన్నులు, అన్నిటికీ మూతలున్నాయి. (మాస్టారు లెక్కపెట్టాడు.)

"మూత లేదు అని రాయకూడదు," అన్నాడాయన. "సూచించాలి."

"అంటే ఎలా సార్?"

"మూత అన్న మాటే వాడకుండా మూత గుర్తుకు రావాలి."

"సార్, చొక్కాకి చెయ్యి కావాలంటే చెయ్యే కుడతా. సూచిస్తే కస్టమరు ఊరుకోడండీ."

హాలంతా నవ్వింది. ప్రభావాధికారి మాత్రం నవ్వకుండా, "వినయం, మైనస్ రెండు" అని రాసుకున్నాడు.

రెండో రోజు వానతో మొదలెట్టడం నేర్పారు. మూడో రోజు అమ్మతో ముగించడం. కుళాయిలో నీళ్ళు రావని రాసిన ఒకావిడకి నీళ్ళు అనే మాట నిషేధించారు. ఆవిడ ఎడారి మీద ఆరు పేజీలు రాసి తొంభై మార్కులు కొట్టేసింది. బకెట్టు మాత్రం ఇంకా వీధి చివర్నుంచే మోస్తోంది.

ఆ సాయంత్రం మాస్టారు నాలుగు పేజీలు రాసి భార్య చేతికిచ్చాడు.

"ఏవండీ, 'చీకటితో బేరమాడుతున్న ఏకాకి నేత్రం' అని రాశారు. ఎవరిది?"

"మీ అమ్మది."

"నా గురించేనా అల్లుడు గారూ?" లోపల్నుంచి అత్తగారు కేకేసింది. "ఎలాగూ రాస్తున్నారు కదా, ఓ పదేళ్ళు తగ్గించండి. అన్నట్టు ఇవాళ ఆటో గుద్ది మీ స్టూలు ముక్కలైపోయింది, చూశారా?"

"చూశానత్తయ్యగారూ. అది కూడా సూచించాను."

తొంభై ఆరు మార్కులొచ్చాయి! ఉత్తరం పంపిన మూడో రోజుకల్లా జీపు వచ్చి షాపు ముందు ఆగింది. పెద్దాఫీసరు షీల్డుతో దిగాడు. వెనకాలే ప్రభావాధికారి, ఒక ఫోటోగ్రాఫరు. ముగ్గురూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, గుంట చుట్టూ జాగ్రత్తగా తిరిగొచ్చి, మాస్టారికి షీల్డిచ్చి ఫోటో తీయించుకున్నారు.

"కళ్ళు చెమర్చాయి మాస్టారూ," అన్నాడు పెద్దాఫీసరు. "కౌంటర్లు మూసేసి మరీ అందరం చదివాం."

"సంతోషం సార్. మరి మూత?"

"ఏ మూత?"

ప్రభావాధికారి నాలుగు పేజీలూ తిరగేశాడు. ఎక్కడా ఆ మాట లేదు. "చూశారా సార్, ఎంత నిగ్రహమో!" అని మురిసిపోయాడు.

మాస్టారు నేర్పిందంతా మర్చిపోయి సూటిగా అడిగేశాడు. "ఇదిగో సార్, మీ కాలి పక్కన గుంట. మూత వేయించండి. మా అత్తగారు పడిపోతారు."

"సరిగ్గా అక్కడే నాలుగు మార్కులు తగ్గాయండి," అన్నాడు పెద్దాఫీసరు ఎంతో ఆప్యాయంగా. "పడతారు పడతారు అని నాలుగు పేజీలు ఊరించారు. తీరా చూస్తే ఎవరూ పడలేదు. ముగింపు తేలిపోయింది."

అప్పుడే అత్తగారు కూతురి చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో గోడ తడుముకుంటూ క్లినిక్ నుంచి వస్తోంది. పెద్దాఫీసరు ఆవిడకి వంగి నమస్కారం పెట్టి, మాస్టారు భుజం తట్టాడు.

"అమ్మగారు రోజూ ఇటే కదా వెళ్తారు? ముగింపు మార్చి పంపడానికి నెలాఖరు దాకా గడువుంది. కంగారు పడకండి."