బిషప్‌ను ఇచ్చేస్తే ఎవరొస్తారు

ఆ శుక్రవారం ఉదయం కాజ్ వోయ్తాక్ పెట్టుకున్న పని ఒక్కటే. చర్చి హాల్లో చేపలు వేయించడానికి వెళ్లేలోపల రూడీకి ఫోన్ చేసి, బిషప్‌ను ఇచ్చేస్తున్నానని చెప్పెయ్యాలి. మూడు వారాలుగా నానుతున్న బేరం. ఇంకా నానిస్తే బూజు పడుతుంది.

బిషప్ అంటే మార్కెల్ బిషప్, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. బంతి చంకన పెట్టుకుని పరిగెత్తాడంటే ఆపడానికి ముగ్గురు కావాలి. కాజ్ జట్టుకి ప్రాణం అతనే. జట్టంటే కాగితం జట్టు. రైలింజన్ల కర్మాగారంలో కలిసి పనిచేసిన ఎనిమిది మంది ఇరవై రెండేళ్ల క్రితం సరదాకి మొదలుపెట్టిన ఆట అది. నిజం ఆటగాళ్లు ఆదివారం నిజం మైదానంలో ఎంత ఆడితే ఇక్కడ కాగితం మీద అన్ని పాయింట్లు. ఒకసారి ఎంచుకున్న ఆటగాడు మనం వదులుకునేదాకా మనవాడే. ఏటా వసంతంలో పెద్ద ఆటలోకి కొత్త కుర్రాళ్లు వస్తారు. వాళ్లను వంతులవారీగా ఎంచుకోవడమే డ్రాఫ్ట్. ఆ వంతుల్ని కూడా ఇచ్చిపుచ్చుకోవచ్చు.

బిషప్‌కి బదులుగా, ఆ ఎనిమిది మందిలో ఒకడైన రూడీ ఇస్తానంటున్నవి రెండు మొదటి వంతులు, ఈ ఏడాదిదీ వచ్చే ఏడాదిదీ. అంటే ఇంకా ఎవరో, ఎలా ఉంటారో తెలియని ఇద్దరు కుర్రాళ్లు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. కానీ బిషప్‌కి ఇరవై తొమ్మిదేళ్లు. పరిగెత్తేవాడికి ముప్పై అంటే మనకి తొంభై.

ఐదేళ్ల క్రితం ఎవరికీ తెలియని బిషప్‌ను ఏరి పట్టింది కాజ్ కాదు, అతని అన్న టాడ్. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. ఇద్దరిదీ ఒకటే ఇల్లు, ఒకటే జట్టు, ఆ జట్టు గురించి ఎప్పుడూ రెండు అభిప్రాయాలు. టాడ్ నవంబరులో పోయాడు. టీవీలో ఆట సగమయ్యి విరామం ఇచ్చినప్పుడు కుర్చీలోనే గుండె ఆగింది. మిగతా సగం ఎవరు గెలిచారో కాజ్ ఇంతవరకు కనుక్కోలేదు.

అన్న పోయిన వారం ఫోన్ ఆగకుండా మోగింది. రెండో వారం రెండుసార్లు. క్రిస్మస్ దాటాక పళ్ల డాక్టరు ఆఫీసువాళ్లు తప్ప ఎవరూ చెయ్యలేదు. అలాంటిది ఫిబ్రవరిలో మాటవరసకి "బిషప్‌ను ఇచ్చేద్దామా అనుకుంటున్నా" అన్నాడో లేదో, రూడీ రోజుకి మూడుసార్లు చెయ్యడం మొదలుపెట్టాడు. ఇవాళ తేల్చేస్తే రేపటి నుంచి ఫోన్ మోగదు. కాజ్ ఆ సంగతి ఆలోచించలేదు. ఆలోచించలేదనే అనుకున్నాడు. కాఫీ అలవాటుగా ఇద్దరికి కాచి, సగం సింకులో పోసి, ఫోన్ చెయ్యకుండానే చర్చికి బయలుదేరాడు.

సెయింట్ హెడ్విగ్ చర్చి హాల్లో ఈస్టరుకి ముందు వచ్చే తపస్సు కాలంలో, మాంసం ముట్టని శుక్రవారాల్లో ఊరంతా చేపలు తింటుంది. కాజ్ సామాన్ల గదిలో పిండి డబ్బా కోసం వెతుకుతుండగా రూడీయే ఫోన్ చేశాడు.

"ఏరా, ఇస్తున్నావా, లేదా?"

"ఇస్తానురా. బిషప్ పని అయిపోయింది. నిజం చెప్తున్నా, మోకాలు పట్టేస్తోంది."

"మరి ఇంకా దేనికి సాగదీస్తున్నావు?"

"అన్నయ్య వాణ్ణి నెత్తిన పెట్టుకున్నాడు కాబట్టి ఇన్నాళ్లూ మోశాను. ఇద్దరు కుర్రాళ్లొస్తే చాలు, వాణ్ణి సాగనంపేస్తా. నాలుగు రోజులాగు. ఎవరికీ చెప్పకు."

అలమరకు అటువైపు సాస్ సీసాలు లెక్కపెడుతున్న జెనీవీవ్ మల్లాయ్ లెక్క తప్పింది. చర్చి ఆఫీసు గుమస్తా ఆవిడ. డెబ్బై దాటాయి, చెవికి మిషను. వినవలసినవి అది వినిపించేది కాదు గానీ, వినకూడనివి గంటలా వినిపించేది. పైగా ఆ ఊళ్లో ఆ నెల బిషప్ అన్న మాటకి ఒకటే అర్థం. సెయింట్ హెడ్విగ్‌ను మూసేసి, వంతెన అవతలి చర్చిలో కలిపే ఆలోచన ఉందంటూ అసలు బిషప్ గారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి పది రోజులైంది.

మర్నాడు పొద్దున్నే జెనీవీవ్ ఒక పెద్ద పళ్లెం నిండా మాంసం కూరిన క్యాబేజీ చుట్టలతో కాజ్ తలుపు తట్టింది. నవంబరు తరువాత ఆ గుమ్మంలోకి వంటకం రావడం ఇదే.

"నాకంతా తెలుసు కాజ్," అంది లోపలికి వస్తూనే గొంతు తగ్గించి. "బిషప్ విషయం."

"రూడీ చెప్పాడా? నోట్లో నువ్వుగింజ నానదు వాడికి!"

"ఎవరు చెబితేనేం? నువ్వు చేస్తున్నది మంచి పని. ఇద్దరు యువకులు వస్తారటగా?"

"ఒకడు ఈ ఏడాది, ఒకడు వచ్చే ఏడాది," అన్నాడు కాజ్, ఈవిడకి ఆట మీద ఇంత ఆసక్తి ఎప్పట్నుంచా అని ఆశ్చర్యపోతూ. "ఎవరొస్తారో మన చేతిలో లేదండీ. చెత్త తగలొచ్చు కూడా."

"ఇప్పుడున్న ఆయన కంటే చెత్త ఉంటుందా?"

"అలా అనకండి. మంచి రోజుల్లో ఆయన ఒక్కడే మొత్తం మోశాడు. ఇప్పుడు మోకాలు సహకరించట్లేదు, అంతే."

"నీ మనసు వెన్న," అని జెనీవీవ్ కళ్లు తుడుచుకుంది. "పైవాళ్లతో మాట్లాడుతోంది నువ్వేనా?"

"నేనే. ఇంకెవరున్నారు?"

ఆ చివరి మాట కాజ్ మామూలుగానే అన్నాడు. కానీ ఆవిడ అతని చెయ్యి పట్టుకుని, "మేమంతా ఉన్నాం" అంది. కాగితం ఆటకి ఇంత ఓదార్పు దొరుకుతుందని తెలిస్తే బిషప్‌ను డిసెంబరులోనే అమ్మకానికి పెట్టేవాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక పదకొండు మంది వచ్చారు. ఒకరి చేతిలో కేకు, ఒకరి చేతిలో మడత కుర్చీలు. కాఫీ కెటిల్ నిండా కాచినా చాల్లేదు. లావుపాటి ప్లంబరు ఒకాయన వెళ్లి టాడ్ కుర్చీలో కూలబడి, ఎవరో వేసిన జోకుకి కుర్చీ కిర్రుమనేలా నవ్వాడు. ఆ చప్పుడు ఆ ఇంట్లో విని నాలుగు నెలలైంది. అప్పుడే జెనీవీవ్ బల్ల మీద ఒక కాగితాల కట్ట పెట్టింది. పైన పెద్ద అక్షరాలు: 'మా చర్చిని ఉంచండి, బిషప్‌ను మార్చండి'. కింద నూట నలభై సంతకాలు. మొట్టమొదటి గీత మీద ఖాళీ.

"అది నీ కోసం వదిలాం, నాయకుడివి కదా," అన్నాడు ప్లంబరు.

కాజ్‌కి అప్పుడర్థమైంది. శనివారం నుంచి జరిగిన ప్రతి మాటా వెనక్కి తిరిగి అతని మీద పడింది. చెప్పెయ్యాలని నోరు తెరిచాడు. పదకొండు మొహాలు అతని వైపే తిరిగాయి. గదిలో కాఫీ, తడిసిన ఉన్ని కోట్లు, మనుషుల వాసన. చెబితే ఆ కుర్చీలు మడత పడతాయి, కేకు వెళ్లిపోతుంది. నోరు మూసుకుని సంతకం పెట్టాడు.

అబద్ధం ఆడకుండానే అబద్ధంలో కాపురం పెట్టడం ఎంత సులువో ఆ మూడు రోజుల్లో తెలిసింది. సోమవారం మళ్లీ వచ్చారు. మంగళవారం అతనికి తెలియకుండానే అతని పేరుతో స్థానిక పత్రికలో నాలుగు వాక్యాలు పడ్డాయి: 'పైవాళ్లతో మాటలు జరుగుతున్నాయి – విశ్రాంత కార్మికుడు.' రూడీ చేసిన ఫోన్లు ఎత్తడానికి కూడా తీరిక లేకపోయింది. మంగళవారం సాయంత్రం చర్చి ఫాదర్ కంగారుగా ఫోన్ చేశాడు. "కాజ్, బిషప్ గారే వస్తున్నారయ్యా. రేపు హాల్లో. నీతో మాట్లాడాలట."

బుధవారం హాలు కిక్కిరిసింది. బిషప్ గారు బక్కపలచటి మనిషి, చేతికర్ర ఊతంగా మెల్లగా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఆ మోకాలు చూడగానే హాల్లో గుసగుస. "చూశావా, కాజ్ చెప్పింది అక్షరాలా నిజం!"

కాజ్ మైకు ముందు నిలబడ్డాడు. చప్పట్లు ఆగడానికి నిమిషం పట్టింది. ఆగాక అతనికి చెప్పడానికి నిజం తప్ప ఏమీ మిగల్లేదు.

"నేనన్న బిషప్ ఈయన కాదు," అన్నాడు. "మార్కెల్ బిషప్. ఫుట్‌బాల్. మా కాగితం జట్టులో ఉన్నాడు. మోకాలు పోయింది, వాణ్ణిచ్చేసి రెండు డ్రాఫ్ట్ వంతులు తీసుకుందామని బేరమాడుతున్నా. జెనీవీవ్ గారు వేరేలా విన్నారు. శనివారం నాకూ తెలీదు. ఆదివారం తెలిసింది. తెలిశాక కూడా చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?" జెనీవీవ్ గొంతు మైకు లేకుండానే హాలంతా వినపడింది.

"మీరు వస్తున్నారు కదా అని."

ఎవరూ నవ్వలేదు. ఎవరూ తిట్టలేదు కూడా. తిట్టినా బాగుండేది. వెనక వరసలో ఒక కుర్చీ మడతపడింది, తరువాత ఇంకోటి. పది నిమిషాల్లో హాలు ఖాళీ. అందరికంటే చివర జెనీవీవ్, నూట నలభై ఒక్క సంతకాలు గుండెకి హత్తుకుని, అతని వైపు చూడకుండా వెళ్లింది.

బిషప్ గారు మాత్రం లేవలేదు. "మీ బిషప్‌కి వయసెంత?" అని అడిగారు.

"ఇరవై తొమ్మిదండీ. మోకాలు మంచిది కాదు."

"నాకు డెబ్బై మూడు. రెండు మోకాళ్లూ మంచివి కావు. నన్నిచ్చి ఇద్దరిని తెచ్చుకుంటే మీకు లాభమే. ఆ పిల్లవాడి సంగతి తొందరపడకండి." కర్ర ఆనించుకుని లేచారు. "మూసివేత విషయం మాత్రం నా ఒక్కడి చేతిలో లేదు. ఆ మాట వాళ్లకి చెప్పడానికే వచ్చాను. చెప్పనివ్వలేదు మీరు."

ఆయన కూడా వెళ్లాక కాజ్ ఒక్కడే కుర్చీలు సర్దసాగాడు. సగం సర్దాక, అవతలి చివర నుంచి కూడా ఎవరో సర్దుతున్నారని గమనించాడు. రూడీ. చలి పడటంలేదని ఫ్లోరిడాలో చెల్లెలి దగ్గరికి వెళ్లిన అతని భార్య రెండు శీతాకాలాలైనా తిరిగిరాలేదు.

"మోకాలు పోయిందని ఇంతమంది ముందు చెప్పాక ఇంక బేరమేముంటుందిరా," అన్నాడు కాజ్. "వద్దంటావు, అంతేగా?"

"నాకు మొదట్నుంచీ వద్దు."

"ఏంటి?"

"ముప్పై దగ్గరపడ్డవాణ్ణి ఎవడు కొంటాడురా, తలకాయున్నవాడు? నువ్వు ఫోన్ ఎత్తుతున్నావు కదా అని అడుగుతూ వచ్చా." రూడీ ఇంకో కుర్చీ మడిచాడు. "సోమవారం నుంచి నువ్వు ఎత్తడం మానేశావు. కోపమొచ్చింది. అందుకే వచ్చా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మిగిలిన కుర్చీలన్నీ అవసరమైనదానికంటే నెమ్మదిగా సర్దారు.

జూన్‌లో సెయింట్ హెడ్విగ్ మూతపడింది. కాజ్ ఇప్పుడు వంతెన అవతలికి వెళ్తున్నాడు. జెనీవీవ్ అతనికి రెండు వరసల ముందు కూర్చుంటుంది. ప్రార్థనలో పక్కవాళ్లకి శాంతి చెప్పుకునే సమయం వచ్చినప్పుడు వెనక్కి తిరిగి, కోర్టు నోటీసు అందించినట్టు చెయ్యి చాచి, "శాంతి" అంటుంది. కాజ్ ఆ చేతిని రెండు చేతులతో పుచ్చుకుంటాడు. వారానికి అదొకటి.

బిషప్‌ను కాజ్ ఇవ్వలేదు. ఆగస్టులో ఆ పిల్లవాడు మోకాలి బాధతో ఆటే మానేశాడు, కాజ్‌కి చిల్లిగవ్వ మిగలకుండా. రూడీ తన దగ్గరే ఉంచుకున్న ఈ ఏటి వంతుతో ఎంచుకున్న కుర్రాడు మొదటి ఆటలోనే భుజం విరగ్గొట్టుకున్నాడు.

"నాకిచ్చుంటే నేను మునిగేవాణ్ణి, నువ్వు తేలేవాడివి," అంటాడు రూడీ ఆదివారం మధ్యాహ్నాలు టాడ్ కుర్చీలో కూర్చుని.

"ఏం తేలేవాణ్ణి? నీ వంతుతో నేనూ ఆ భుజం విరిగినవాణ్ణే తీసుకునేవాణ్ణి!"

"మరి వచ్చే ఏడాది వంతు?"

"అది వచ్చే ఏడాది చూద్దాం."

ఆ బేరం జరిగుంటే ఎవరు లాభపడేవారన్నది ఇంతవరకు తేలలేదు; తేలిపోకుండా ఇద్దరూ చాలా జాగ్రత్త పడుతున్నారు.