ముప్పై ఏడు ఎర్ర గీతలు

ఆ రోజుకి టెస్టరమ్మ వేసుకున్న లెక్కలో ఒక్క నిమిషం కూడా ఖాళీ లేదు. ఎనిమిదింటికి ఆఫీసు, పన్నెండింటికి ఫలితాలు, ఒంటిగంటకి సంతకం, రెండింటికి ఇల్లు, అయిదుంపావుకి అక్క రైలు. స్టేషన్లో అక్క పక్కన పావుగంట నిలబడాలి. అంతకంటే ఆమెకి ఇంకేం అక్కర్లేదు.

పద్దెనిమిదేళ్లుగా అక్కాచెల్లెళ్లిద్దరూ తొమ్మిదో అంతస్తులో ఒకే ఇంట్లో ఉన్నారు. అక్క కుట్టుపని నేర్పే బడి మూతపడింది. వెతగ్గా వెతగ్గా దూరపు ఊళ్లో ఆడపిల్లల హాస్టల్లో వార్డెను ఉద్యోగం దొరికింది. రేపు పొద్దున చేరకపోతే వరసలో రెండో ఆవిడకి ఇచ్చేస్తారు. "ఏమంటావే?" అని నెల క్రితం అక్క అడిగింది. ఉండిపొమ్మంటే బతుకుదెరువుకి అడ్డం పడినట్టవుతుందని, "నీ ఇష్టం అక్కా" అంది టెస్టరమ్మ. అక్క మారు మాట్లాడకుండా పెట్టెలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

టెస్టరమ్మ పనిచేసే ఆఫీసు లిఫ్టులు నడిపే ప్రోగ్రాములు రాస్తుంది. మనుషులు రాసిన ప్రోగ్రామును యంత్రం భాషలోకి మార్చే సాధనాన్ని కంపైలర్ అంటారు. ముందురోజే పాత కంపైలర్ తీసేసి కొత్తది పెట్టారు. అలా మార్చినప్పుడల్లా నాలుగు వేల పరీక్షలు నడపాలి. నడపడం యంత్రం పని. వచ్చిన ఫలితాలు చదవడం ఆమె పని, అందుకే అందరికీ టెస్టరమ్మ. చేరిన కొత్తలో మేనేజరు ఈ ఫలితాలు ఎలా చూడాలని అడిగితే, "ఆకుపచ్చయితే పదండి, ఎరుపయితే ఆగండి. మిగతాది నేను చదువుకుంటాను సార్" అని చెప్పింది. ఆఫీసులో ఆయన శ్రద్ధగా నేర్చుకున్న విద్య అదొక్కటే. చిన్నదానికీ పెద్దదానికీ ఒకే గొంతుతో అరుస్తాడు కాబట్టి ఆయన్ని అందరూ సైరన్ అనేవాళ్లు.

సరిగ్గా పన్నెండింటికి తెర మీద ముప్పై ఏడు ఎర్ర గీతలు వచ్చాయి. టెస్టరమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది. వెనకే సైరన్ నిలబడి ఉన్నాడు.

"ఏవిటవి?"

"ముప్పై ఏడు సార్. ఉండండి, లోపల ఏముందో చదవాలి."

"చదివేదేముందమ్మా? ఎర్రగా కనబడట్లా?"

"ఎరుపంటే ఆగమని చెప్పాను సార్, అరవమని కాదు."

ఆ మాట వినడానికి ఆయన అక్కడ లేడు. వరండాలో ఆయన చెప్పుల చప్పుడు, డైరెక్టరు గారి గది తలుపు చప్పుడు ఒకదాని వెంట ఒకటి వినిపించాయి.

లిఫ్టుల ప్రోగ్రాములో ముప్పై ఏడు లోపాలున్నాయని సైరన్ డైరెక్టరుకి చెప్పాడు. ముప్పై ఏడు చోట్ల లోపాలున్నాయని డైరెక్టరు లిఫ్టుల కంపెనీకి ఫోను చేశాడు. ముప్పై ఏడు చోట్లంటే ముప్పై ఏడు భవనాలని కంపెనీవాళ్లు అనుకున్నారు. ఆ భవనాలేవో ఎవరూ చెప్పలేదు కనక, ఎందుకైనా మంచిదని ఊళ్లో ఉన్న తమ లిఫ్టులన్నీ ఆపేశారు.

ఒంటిగంటకి వాచ్‌మన్ పరుగున వచ్చాడు. "విన్నారామ్మా? లిఫ్టుల్లో ముప్పై ఏడుమంది ఇరుక్కుపోయారంట! అందులో ఒకావిడ నిండు నెలలంట!"

"ఎవరయ్యా చెప్పింది నీకు?"

"డైరెక్టరు గారి డ్రైవరు. ఆయనకి మన సైరన్ సారే చెప్పారంట."

"ఈ నిండు నెలలావిడ సంగతి కూడానా?"

వాచ్‌మన్ కాసేపు నసిగాడు. "అది డ్రైవరు చెప్పలేదమ్మా. అంతమందిలో ఒకావిడైనా ఉండదా అని నేనే అనుకున్నా."

అప్పుడే అటుగా వచ్చిన సైరన్‌కి చివరి ముక్క వినపడలేదు. ఆయన అక్కణ్నుంచే డైరెక్టరుకి ఫోను చేశాడు. "సార్, ఇరుక్కున్నవాళ్లలో నిండు చూలాలు కూడా ఉందిట!" డైరెక్టరు వెంటనే అంబులెన్సుకి కబురు పెట్టించాడు. ఏ భవనానికి రావాలని అంబులెన్సువాళ్లు అడిగితే డైరెక్టరు మళ్లీ సైరన్‌నే అడిగాడు. సైరన్ వాచ్‌మన్‌ని అడిగాడు. వాచ్‌మన్ భోజనానికి వెళ్లిపోయాడు.

ఇంత జరుగుతున్నా, ఫలితాల్లో ఏముందని టెస్టరమ్మని అడిగినవాడు ఒక్కడూ లేడు. ఆమె తలుపు వేసుకుని మొదటి ఎర్ర గీత తెరిచింది. తలుపు దగ్గర గంట ఒకసారి మోగాల్సింది రెండుసార్లు మోగే చిన్న లోపం అది. పాత కంపైలర్ చలవ. రెండో గీత, కిందికి దిగే బాణం దీపం ఆలస్యంగా వెలగడం. ఇలాంటివి కొన్ని ఉన్నాయని, తాడుకీ బ్రేకుకీ వీటితో సంబంధం లేదని ఆమెకి ఏనాడో తెలుసు. ఎవరూ సరిచేయలేకపోయారు కాబట్టి, "ఇది తప్పుతుంది, తప్పడమే మామూలు" అని ఒక్కో పరీక్ష దగ్గరా తనే రాసి పెట్టింది. ఇప్పుడు గంట ఒక్కసారే మోగింది. దీపం వేళకే వెలిగింది. కొత్త కంపైలర్ ముప్పై ఏడింటినీ బాగుచేసేసింది. తప్పుతుందని రాసిన పరీక్ష తప్పకపోయేసరికి, అనుకున్నట్టు జరగలేదని యంత్రం ఎర్ర గీత గీసింది.

ఆమె సైరన్ గదికి పరిగెత్తింది.

"సార్, అసలు తప్పులే లేవు. ఉన్నవి కూడా పోయాయి."

"మరి ఎరుపెందుకొచ్చింది?"

"బాగుపడుతుందని మనం అనుకోలేదు కాబట్టి."

సైరన్ లేచి తలుపు మూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గడం ఆమె చూడటం అదే మొదలు.

"ఈ మాట ఇక్కడితో ఉండనీ. రేపు పొద్దున చెబుదాం. అంతా కూర్చుని కష్టపడి సరిచేశామందాం. నీకూ పేరొస్తుంది."

"ఊళ్లో జనం మెట్లెక్కుతున్నారు సార్!"

"ఎక్కనీ. ఒంటికి మంచిది."

ఆమె నోరు తెరిచేలోగా ఫోను మోగింది. అక్క.

"ఏమేవ్, మన లిఫ్టు ఆగిపోయిందే. మూడు ట్రంకు పెట్టెలు, కుట్టు మిషను. మోయడానికొచ్చినవాళ్లు తొమ్మిదో అంతస్తు అనగానే ఓ దణ్ణం పెట్టి వెళ్లిపోయారు."

"మరి రైలో?"

"రైలుకేం, దాని దారిన అది పోతుంది." అక్క గొంతు వణికింది. ఏడుస్తోందనుకుంది టెస్టరమ్మ.

ఆమె తన బల్ల దగ్గరికొచ్చి కూర్చుంది. ఇప్పుడు ఆమె చేయాల్సిందేమీ లేదు. నోరు మూసుకుంటే చాలు. రేపటిదాకా లిఫ్టులు కదలవు. రైలు వెళ్లిపోతుంది. ఉద్యోగం రెండో ఆవిడకి పోతుంది. అక్క ఇంట్లోనే ఉంటుంది. మేనేజరు ఆజ్ఞ కూడా అదే! పది నిమిషాలు అలా కూర్చుని, సాయంత్రం అక్కతో కలిసి ఆ పెట్టెలు విప్పుతున్నట్టు, చీరలు తిరిగి బీరువాలో సర్దుతున్నట్టు ఊహించుకుంది. తర్వాత, ఉద్యోగం ఉత్తరం వచ్చిననాడు అక్క దాన్ని కళ్లజోడు తుడుచుకుని మరీ నాలుగుసార్లు చదవడం గుర్తొచ్చింది. అది సంతోషమేనని ఆమె నమ్మింది. మనసు చంపుకుని లిఫ్టుల కంపెనీకి ఫోను చేసింది.

"మీరెవరు?" అన్నాడు అవతలి పెద్దమనిషి.

"ఫలితాలు చదివేదాన్నండీ."

"వాటిని చదివేవాళ్లు కూడా ఉన్నారా? పొద్దుట్నుంచీ ఎవరూ చెప్పలేదే!"

ఆమె ముప్పై ఏడూ ఒక్కొక్కటే వివరించింది. మూడున్నరకి ఊళ్లో లిఫ్టులు కదిలాయి. నాలుగుంపావుకి ఆమె బస్సు దిగి పరుగున ఇంటి ముందుకొచ్చేసరికి, అక్క పెట్టెలూ కుట్టు మిషనూ ట్యాక్సీలోకి ఎక్కుతున్నాయి.

"అక్కా! వచ్చేశాను. లిఫ్టు నేనే నడిపించాను, తెలుసా? మా మేనేజరు వద్దన్నా వినలేదు."

అక్క ఆమెని కిందినుంచి పైదాకా చూసింది. "నువ్వేనా?"

"నేనే! నీ రైలు తప్పిపోతుందని."

"తప్పిపోతే నీకేం నష్టమే?"

టెస్టరమ్మ వంగి ఒక పెట్టె తాళం లాగి చూసింది.

"లిఫ్టు ఆగిందనగానే నా ప్రాణం ఎంత హాయిగా ఉందో తెలుసా?" అంది అక్క. "మోయడానికొచ్చినవాళ్లకి ఇంకో యాభై ఇస్తే దింపేవాళ్లే. నేనే పొమ్మన్నాను. హమ్మయ్య, వెళ్లలేకపోయానని చెప్పుకోవడానికి ఒక సాకు దొరికిందనుకున్నా. నువ్వెలాగూ ఉండమనవు. కనీసం లిఫ్టయినా అంది కదా అనుకున్నా. నీకు ఫోన్లో చెబుతుంటే నవ్వాగలేదు."

"ఏడుస్తున్నావనుకున్నానే!"

"నీకు చదవడం ఆ తెర మీదే వచ్చు."

ఒక్క మాట అంటే సరిపోతుందని టెస్టరమ్మకి తెలుసు. కానీ ట్యాక్సీవాడు హారను కొట్టాడు. ఆమెకి చిన్నప్పట్నుంచీ ఆలస్యమంటే భయం.

"టైమవుతోందక్కా" అంది.

అక్క తల ఊపి ఎక్కి కూర్చుంది. ముందు సీట్లో ఒక ట్రంకు పెట్టె, వెనక సీట్లో రెండు పెట్టెలు, అక్క ఒళ్లో కుట్టు మిషను. టెస్టరమ్మ కూర్చోవడానికి చోటు లేదు. స్టేషన్లో పక్కన నిలబడాల్సిన పావుగంట అక్కడే, ట్యాక్సీ తిరిగిన మలుపు వైపు చూస్తూ రోడ్డు మీద నిలబడింది.

సోమవారం సైరన్ నివేదిక తయారుచేసి ఆమె బల్ల మీద పెట్టాడు. ముప్పై ఏడు లోపాలను రేయింబవళ్లు శ్రమించి సరిచేసినట్టు, డైరెక్టరు గారు అభినందించినట్టు అందులో ఉంది. నిండు చూలాలు క్షేమంగా బయటపడినట్టు కూడా ఉంది. చిట్టచివరి వాక్యం, "ఈ ఘటనలో ఎవరికీ ఎలాంటి నష్టమూ జరగలేదు."

"చదివి సరిచూశాను" అన్న చోట టెస్టరమ్మ సంతకం పెట్టింది.