వంటశాల వెనక జామచెట్టు

తల్లిదండ్రుల దినోత్సవం నాడు పొద్దున్నే ఖయెంబ మాస్టారు టీలో మండాజీ బూరె ముంచుకు తింటూ ఒక్కటే పథకం వేసుకున్నారు. సాయంత్రానికల్లా లుస్వేటి పరువు తీయాలి.

బుంగోమా పట్నం దగ్గరి ఆ మగపిల్లల బడిలో ఏటా ఈ పండుగకు కుర్రాళ్లు నాటిక వేసి, అందులో ఎవరో ఒక మాస్టారిని అనుకరించడం ఆనవాయితీ. బడిలో క్రమశిక్షణ చూసే ఖయెంబను ఇన్నేళ్లలో ఒక్కడూ అనుకరించలేదు. నిరుడు వచ్చిన కొత్త మాస్టారు లుస్వేటి టోపీ వాలు, ఈల, చివరికి తుమ్ము కూడా బడంతా నేర్చేసుకుంది. ఖయెంబకు కడుపు మండిపోయింది. పైగా ఉపప్రధానోపాధ్యాయుడి కుర్చీ తమ ఇద్దరిలో ఎవరిదో ఆ సాయంత్రమే పాలకమండలి అధ్యక్షురాలు చెప్పబోతోంది.

“అతనిలో ఏముందే అంత?” అని భార్య నెకేసాను అడిగారు.

“నవ్వుతాడు. మీరూ ఓసారి ప్రయత్నించకూడదూ?”

బడి వంటశాల వెనక జామచెట్టు కింది కొమ్మలు కుర్రాళ్ల చెయ్యి అందినంత మేరా బోడిగా ఉన్నాయి. సిగరెట్టు వాసన పోవడానికి జామాకు నములుతారని ఖయెంబకు బాగా తెలుసు. ఎలా తెలుసని ఎవరూ అడగలేదు. పిల్లలు అన్నీ లుస్వేటిని చూసే నేర్చుకుంటారు కనుక ఇదీ అతని విద్యేనని తేల్చేసుకుని, నాటిక జట్టు నాయకుడు మకోఖను పిలిచారు.

“కొట్టన్రా. సిగరెట్లు ఎవర్ని చూసి మొదలెట్టారు?”

“వద్దులెండి మాస్టారూ, బాగుండదు.”

“పేరు చెప్పకు. నాటికలో చూపించు. నడక, దగ్గు, ఏదీ వదలకు.”

“తర్వాత కోప్పడరు కదా?”

“నేనా? ముందు చప్పట్లు కొట్టేది నేనేరా!”

పిల్లల సిగరెట్ల మీద నాటిక అనగానే అధ్యక్షురాలు మురిసిపోయి, అది చూశాకే కుర్చీ సంగతి చెబుతానంది. ఖయెంబ పట్టుబట్టి లుస్వేటిని తన పక్కనే ముందు వరసలో కూర్చోబెట్టుకున్నారు.

“నా టోపీ కావాలట్రా?” అని లుస్వేటి కుర్రాళ్లను కేకేశాడు.

“ఈసారి అక్కర్లేదు సార్!”

మకోఖ ప్యాంటు ఛాతీదాకా లాక్కుని, చంకలో బెత్తంతో వచ్చాడు. అటూ ఇటూ చూసి కట్టెల మోపు వెనక నక్కి, సిగరెట్టు గుప్పిట్లో దాచుకుని పీల్చాడు. మోపు పక్కనుంచి నలుగురు పిల్లలు నోళ్లు తెరుచుకుని చూశారు. తర్వాత మేకలా జామాకు నమిలి, గిరుక్కున తిరిగి గర్జించాడు.

“ఇక్కడ సిగరెట్టు కాల్చిందెవర్రా? వరసలో నిలబడండి!”

మైదానమంతా గొల్లుమంది. మాట ప్రకారం అప్పటికే చప్పట్లు కొడుతున్న ఖయెంబ చేతులు గాల్లో ఆగిపోయాయి. పిల్లి కళ్లు మూసుకుని ఇన్నాళ్లూ పాలు తాగింది.

“ఆ జామాకు పంటినొప్పికన్నారే!” అంది వెనక వరస నుంచి నెకేసా.

లుస్వేటి ముఖం మాడ్చుకుని, “నన్నెప్పుడూ ఇంత శ్రద్ధగా అనుకరించలేదండీ,” అన్నాడు. ఖయెంబను చూసి ఒకరు అసూయపడటం అదే మొదలు. సిగ్గుతో చస్తూనే ఆయన లోలోపల కాస్త పొంగిపోయారు.

నాటిక అయ్యాక మకోఖను పక్కకు లాగి, “ఇంత బాగా ఎప్పుడు చూశార్రా నన్ను?” అని అడిగారు.

“రోజూ మాస్టారూ. మీ అంత గట్టి మనిషే కాలుస్తున్నారంటే, కాలిస్తే మేమూ అలా అవుతామనుకున్నాం.”

ఆ పొంగు చప్పున చల్లారిపోయింది. జేబులోని సిగరెట్టు పెట్టె తీసి వంటశాల పొయ్యిలో వేసి, ఇంటిదారి పట్టారు.

కుర్చీ లుస్వేటికి దక్కింది. తర్వాతి వానలకు జామచెట్టు కింది కొమ్మలదాకా చిగిర్చింది.