అభ్యంతరాలు లేవు

నగరం కష్టకాలంలో ఉన్నందున ఈ ఏడాది బడ్జెట్ ప్రసంగాన్ని క్లుప్తంగా రెండు గంటల నలభై నిమిషాల్లో ముగిస్తానని మేయర్ గారు ప్రకటించారు. సభ హర్షించింది.

హర్షించినట్టు స్టెనో గారు రాసింది. ఇరవై రెండేళ్లుగా కౌన్సిల్ హాల్లో మూల బల్ల దగ్గర కూర్చుని సభలో జరిగినదంతా రాయడం ఆవిడ ఉద్యోగం. పెద్ద కష్టమేం కాదు. ప్రసంగం ముందురోజే చేతికొస్తుంది. ఎక్కడెక్కడ చప్పట్లు కొట్టారో కూడా అందులోనే అచ్చయి ఉంటుంది.

కుళాయిల్లో నీళ్లు రాని వీధులను మేయర్ గారు ‘లీకేజీ రహిత ప్రాంతాలు’గా ప్రకటించారు. వెలగని వీధి దీపాలను పక్షుల నిద్రకు అంకితం చేశారు. రోడ్ల మీద ఇన్ని గుంతలుండగా స్పీడ్ బ్రేకర్లు దండగన్నారు. స్టెనో గారి చెయ్యి అలవాటుగా సాగిపోతోంది.

నలభై ఒకటో పేరా దగ్గర ఆగింది.

“తల్లి ఒడిని మించిన ఆసుపత్రి లేదు,” అన్నారు మేయర్ గారు గద్గద స్వరంతో. “అందుకే తూర్పు వార్డు ప్రసూతి ఆసుపత్రిని వచ్చే నెలాఖరుకు మూసేసి, ఆ సేవలను ఎవరింటివాళ్లకు వాళ్లకే అప్పగిస్తున్నాం.”

స్టెనో గారి ఇల్లు తూర్పు వార్డులోనే. ఇంట్లో కూతురికి ఏడో నెల.

కాగితంలో అక్కడ ‘దీర్ఘ కరతాళ ధ్వనులు’ అని ఉంది. ఆవిడ తలెత్తి సభకేసి చూసింది. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. చూసింది చూసినట్టు రాసింది: ‘చప్పట్లు లేవు. ఆరుగురు సభ్యులు నిద్రలో ఉన్నారు. ప్రతిపక్ష నాయకులు బిస్కట్ల కోసం సైగ చేశారు. కాన్పులు ఎక్కడ జరగాలని ఎవరూ అడగలేదు.’

సంజాయిషీ అడుగుతారని వారం రోజులు అన్నం సయించలేదు. ఎవరూ అడగలేదు. ఆ నివేదికను చదివినట్టుగా భావించి సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. నిద్రపోయిన ఆరుగురూ సంతకాలు పెట్టారు. నిబంధన ప్రకారం దాన్ని బడ్జెట్‌తో కలిపి పుస్తకం వేసి, పౌరుల అభ్యంతరాల కోసం ముప్పై రోజులు వార్డు గ్రంథాలయంలో ఉంచారు. ఉద్యోగులు అభ్యంతరం చెప్పకూడదు. అయినా స్టెనో గారికి కొండంత ధైర్యం వచ్చింది. కౌన్సిలర్లు చదవకపోతే పోనీ, జనం చదువుతారుగా.

ముప్పై ఒకటో రోజున, అభ్యంతరాలు ‘లేవు’ అని ఆవిడే రాయాల్సి వచ్చింది. ఆసుపత్రి మూతపడింది.

మనవరాలు ఆటోలో పుట్టింది, పడమటి వార్డుకు వెళ్లే దారిలో, ఒక గుంతకూ ఇంకో గుంతకూ మధ్య. తల్లీబిడ్డా క్షేమం. చూడ్డానికి వచ్చిన ఇరుగుపొరుగు మేయర్ని దుమ్మెత్తిపోశారు. రోజూ గ్రంథాలయం తలుపులు తీసే వేళకే వెళ్లి పేపరు చదివే పక్కింటి మాస్టారు అందరికంటే ఎక్కువ మండిపడ్డారు.

“అడిగేవాళ్లు లేరమ్మా ఈ ఊళ్లో. అదీ మన ఖర్మ.”

“నెల్లాళ్లు ఆ పుస్తకం మీ గ్రంథాలయంలోనే ఉంది కదా మాస్టారూ. మీరు చూడలేదా?” అంది స్టెనో గారు, పసిదాన్ని జోకొడుతూ.

“చూడకేం,” అన్నారు మాస్టారు. “బాగా లావుగా ఉంది. గాలికి కిటికీ కొట్టుకోకుండా రోజూ నేనే అడ్డం పెట్టేవాణ్ణి.”