తుమ్మితే నిలిచే ఉద్యోగం

ముఖం చూసి హాజరు వేసే మెషిన్‌ని తిట్టకండి! మనిషి ముక్కుకి ఇంత మర్యాద ఇచ్చిన యంత్రం భూమ్మీద ఇంకోటి లేదు.

నేను కారం మిల్లులో పనివాణ్ణి. ఎక్కువ మాట్లాడను. నోరు తెరిస్తే లోపలికి కారం పోతుంది. అందుకని చూస్తూ ఉంటాను.

రోగం ఒంట్లోకి రావాలంటే ముందు గుమ్మం దాటాలి కదా? ఆ గుమ్మంలో ఎంత కాపలా! ముక్కులో వెంట్రుకలు జల్లెడ పడతాయి. చీమిడి బంకలా పట్టుకుంటుంది. కన్నీళ్ళు కడిగేస్తాయి. అయినా దూరినవాణ్ణి తుమ్ము మెడబట్టి గెంటుతుంది. ఒక్కరూ సెలవు అడగరు. ఇలాంటి స్టాఫ్ ఏ యజమానికి దొరుకుతారు?

మెషిన్ వచ్చిన రోజు అందరి ముఖాలూ అందులోకి ఎక్కించారు. మా అక్క మొగుడు కూడా అదే మిల్లు. బావ వంతు వచ్చింది. సరిగ్గా క్లిక్‌మనే సమయానికి తుమ్మాడు. కళ్ళు మూత, నోరు బార్లా! మెషిన్ దృష్టిలో అదే మా బావ ముఖం అయిపోయింది.

మర్నాడు మామూలు ముఖంతో నిలబడితే గుర్తుపట్టలేదు.

సూపర్‌వైజర్ని అడిగాం. "ఇప్పుడు మార్చడం కుదరదయ్యా, సిస్టమ్ లాకైపోయింది. రోజుకో తుమ్ము తుమ్మితే నీ సొమ్మేం పోయింది?" అన్నాడు.

నిజమే! తుమ్మితే ఊడే ముక్కు గురించి పెద్దలు చెప్పారు. తుమ్మితే నిలిచే ఉద్యోగం గురించి ఎవరైనా చెప్పారా? రోజూ పొద్దున్నే బావ చిటికెడు కారం పీల్చేవాడు. హాచ్! హాజరు.

"సంతకం అదిరింది బావా!"

"నోర్ముయ్‌రా! నీ ముక్కయితే తెలిసేది."

ఆరు నెలలకి ఆ ముక్కు మొద్దుబారింది. చిటికెడు కాస్తా గుప్పెడైనా ఉలకదు, పలకదు. వరసగా రెండు గైర్హాజర్లు. మూడోది పడితే పేరు కొట్టేస్తారు. పైగా కాపలా లేని ఇల్లాయె, ఊరందరికీ వచ్చిన జలుబు బావకి మాత్రం నేరుగా ఛాతీలోకి దిగింది. ఊపిరి తీసుకుంటే పిల్లికూతలు.

అప్పుడు నోరు విప్పాను. "సార్, దుమ్ము లాగే ఫ్యాన్ పెట్టించండి. మనిషికో మాస్కు ఇప్పించండి."

సూపర్‌వైజర్ జాలిగా చూశాడు. "ఫ్యాన్ పెడితే దుమ్ము పోతుంది. దుమ్ము పోతే తుమ్ము రాదు. మాస్కు పెడితే ముఖమే కనపడదు. బావంటే నీకింత పగేంటయ్యా?"

ఎంత ముందుచూపు!

మూడో రోజు బావకి దగ్గొచ్చింది గానీ తుమ్ము రాలేదు. అయితే ఆ రోజు మెషిన్ ఎవర్నీ గుర్తుపట్టలేదు. దాని కంట్లో కారం పడిందట! గంటలో మిల్లు ఆపేశారు. సాయంత్రానికల్లా దానికో గాజు గది, ఆ గదికో దుమ్ము లాగే ఫ్యాన్.

తప్పుబట్టకండి. దానికి చీమిడి లేదు, కన్నీళ్ళు రావు, పాపం!

ముఖాలన్నీ మళ్ళీ ఎక్కించారు. ఈసారి బావది మనిషి ముఖంలాగే పడింది. రోజూ గాజు గదిలోకి వెళ్తాడు. వెళ్ళినవాడు ఓ పట్టాన బయటికి రాడు.

"హాజరు పడింది కదయ్యా, ఇంకా ఏం చేస్తున్నావక్కడ?" అని సూపర్‌వైజర్ అరుస్తాడు.

"ఊపిరి పీల్చుకుంటున్నాను సార్."